పూలకుండీలకు రంగులు

తూర్పుకనుమలలో, సముద్రమట్టమునకు సుమారు మూడువేల అడుగుల యెత్తున, పాడేరు ప్రాంతము కలదు. పాడేరునుండి ముంచింగిపుట్టునకు పోవు మార్గమున నున్న గ్రామమే పెదబయలు. పూర్వము విశాఖపట్టణము జిల్లాలో నుండిన ఈ మండలము, 2022 ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. నలుదెసల కొండలు, కొండల నడుమ మెట్లుమెట్లుగా మళ్లు, పల్లములలో మత్స్యగెడ్డ నీరు, వాలులందు కాఫీతోటలు - ఇది ఆ సీమ స్వరూపము. వాన వెలిసిన పిమ్మట ఆ దారుల నడచువారి పాదములకు ఎర్రని మన్ను అంటుకొనును. కడిగినను దాని చాయ వెంటనే పోదు.

ఆ ఎరుపునకు కారణము మంటిలోని ఇనుము. తూర్పుకనుమలలో విరివిగా కానవచ్చు ఒక శిలకు 1902లో వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ‘ఖోండలైటు’ అని పేరిడెను. ఈ కొండలలో నివసించు ఖోండు జాతివారి పేరే ఆ రాతికి పేరైనది. లక్షలకొలది సంవత్సరములు ఎండకు ఎండి, వానకు తడిసి ఆ రాయి శిథిలమై మన్నగును. అందలి ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కూడి ఎర్రనగును. ఇనుపమేకునకు పట్టు త్రుప్పును, కొండమంటి ఎరుపును ఒక్క కుటుంబమునకు చెందినవే.

మన్యపు పల్లెలలోని గృహిణులు ఈ ఎర్రమంటినే రంగుగా వాడుకొందురు. పండుగలకు ముందు గోడలను ఎర్రమట్టితో పూసి, అడుగున వేరొక రంగుతో పట్టె దిద్దుదురు. సీతంపేట కొండలలోని సవరలు మరియొక అడుగు ముందునకు పోయిరి. ఎర్రమట్టి పూసిన గోడపై బియ్యపుపిండి తెలుపుతో మనుష్యులను, చెట్లను, జంతువులను చిత్రించుట వారి సంప్రదాయము. చివర నలుగగొట్టిన పుల్లయే వారి కుంచె. అంగడికి పోయి కొనవలసిన వస్తువు అందులో నొక్కటియు లేదు.

గోడకు వేసిన రంగును పూలకుండీకి వేయరాదా? వేయవచ్చును. కాని గోడకును కుండీకిని ఒక భేదము కలదు. చూరు క్రింద నుండు గోడ సామాన్యముగా పొడిగా నుండును. మొక్కను మోయు కుండీ ఏడాది పొడవునను లోపల తడిసియే యుండును. ఈ ఒక్క భేదమును గుర్తింపక వేసిన రంగు కొలదికాలములోనే బొబ్బలెక్కి, పెచ్చులుగా రాలిపోవును. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. రంగు అందముగానే యుండును. లోపలి మొక్క మాత్రము వాడి చచ్చును. అట్లేల జరుగునో తెలియవలెనన్న ముందుగా మట్టికుండ స్వభావమును తెలిసికొనవలెను.

కుమ్మరి చెరువుమంటిని తెచ్చి, రాళ్లు ఏరి, నానబెట్టి, కాళ్లతో త్రొక్కి, ముద్దచేసి సారెపై నిలుపును. సారె తిరుగుచుండగా వాని వ్రేళ్ల నడుమ కుండీ లేచును. నీడలో ఆరిన పచ్చికుండను నీటిలో వేసిన మరల బురదయే యగును. కనుక దానిని ఆవములో పేర్చి కాల్చవలెను. వేడి సుమారు 450 డిగ్రీలు దాటిన పిమ్మట, బంకమంటి కణములలో ఇమిడియున్న నీరు సయితము విడిపోవుట కారంభించును. ఆ నీరు పోయిన మన్ను ఎంత తడిసినను తిరిగి బురద కాజాలదు. మన్ను కుండగా మారు రహస్యమిదియే.

పల్లెలందలి ఆవములలో వేడి సామాన్యముగా 700 మొదలు 900 డిగ్రీల వరకు నుండును. ఆ వేడికి మంటిరేణువులు ఒకదానికొకటి అతుకుకొనును గాని కరగి గాజువలె ఏకము కావు. పింగాణివంటి పాత్రలను 1200 డిగ్రీలకు పైగా కాల్చుటచే వాని రంధ్రములు మూసికొనిపోవును. మన మట్టికుండలో నట్లుగాక, రేణువుల నడుమ కంటికి కానరాని సందులు నిలిచిపోవును. కుండ గోడ యనగా ఒక విధమైన జల్లెడయే యని చెప్పవచ్చును.

ఆ సందులు కుండకు లోపము కావు. అవియే దాని గుణము. మంచినీటి కుండలో పోసిన నీరు వానిగుండా మెల్లమెల్లగా వెలికి ఊరి ఆవిరియగును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలొరీల ఉష్ణము వలయును. ఆ ఉష్ణమును కుండనుండియు, లోపలి నీటినుండియు గ్రహించుటచేతనే వేసవిలో కుండనీరు చల్లగా నుండును. పూలకుండీ విషయమునను ఇదే జరుగును. ఎక్కువైన తేమ గోడగుండా వెలికి పోవును. వేళ్లు చల్లగా నుండును. అంతియకాదు. వేళ్లును ఊపిరి పీల్చును. మంటి సందులలో గాలి యున్ననే అవి బ్రతుకును. నీరు నిలిచి ఆ సందులన్నియు నిండిపోయినచో గాలి యాడక వేళ్లు కుళ్లును.

ఇప్పుడు కుండీ వెలుపల దట్టమైన నూనెరంగు పూసితిమనుకొందము. ఆరిన నూనెరంగు సన్నని తోలువలె కుండీని కప్పివేయును. లోపలినుండి వచ్చు తేమకు దారి యుండదు. అది రంగునకు వెనుక చేరి దానిని నెట్టుచుండును. నీటితోపాటు మంటిలోని లవణములును, ఎరువులలోని లవణములును ప్రయాణము చేయును. నీరు ఆవిరియైనచోట అవి తెల్లని పొడిగా నిలుచును. పాత కుండీలపై కనబడు తెల్లని పూత ఇదియే. రంగు వెనుక చేరిన లవణములు గట్టిపడినప్పుడు ఆ రంగుపొరను పైకెత్తును. బొబ్బలు పుట్టును, పెచ్చులు రాలును. రంగు అమ్మినవానిని నిందించి ప్రయోజనము లేదు. తడిగోడపై మూతవేయుటయే అక్కడ జరిగిన పొరపాటు.

మొక్కకు కలుగు హానియు ఇందుండియే పుట్టును. మామూలు మట్టికుండీకి దినమున కొకసారి నీరు పోయుట అలవాటైనవారు, రంగు వేసిన కుండీకిని అట్లే పోయుదురు. అందలి నీరు మునుపటివలె వెలికి పోవుట లేదని వారెరుగరు. ఆకులు పసుపెక్కును. దాహమువలన వాడినదని తలచి మరికొంత నీరు పోయుదురు. ఇట్లు ఆదరముచేతనే మొక్క నశించును.

ఈ మాటను పరీక్షించి తెలిసికొనుట పాఠశాల విద్యార్థులకు కష్టము కాదు. ఒక్క కొలత గల మూడు కుండీలను తీసికొనవలెను. ఒకదానిని ఉన్నదున్నట్లు ఉంచి, రెండవదాని వెలుపల సున్నమును, మూడవదాని వెలుపల నూనెరంగును పూయవలెను. మూడును బాగుగా ఆరిన పిమ్మట అడుగు రంధ్రములను బంకమట్టితో మూసి, సమానమైన తూకపు పొడిమన్ను నింపి, సమానముగా నీరు పోయవలెను. వానిని ఒకేచోట నీడలో నుంచి, ప్రతిదినము ఒకే వేళకు తూచి వ్రాసికొనవలెను. ఉత్తకుండీయు, సున్నపుకుండీయు త్వరత్వరగా బరువు తగ్గును. నూనెరంగు కుండీ నింపాదిగా తగ్గును. తగ్గిన బరువంతయు ఆవిరియైన నీరే. మొక్క కన్నులతో చెప్పలేని సంగతిని తక్కెడ అంకెలతో చెప్పును.

అట్లని కుండీలకు రంగు వేయరాదని తాత్పర్యము కాదు. ఏ రంగు ఎక్కడ వేయవలెనో తెలిసి వేయవలెను. రంగులలో మూడు తరగతులు ముఖ్యమైనవి. సున్నము, జేగురు, సుద్ద, మసి మొదలగు పూర్వపు రంగులు మొదటి తరగతి. ఇవి కుండ సందులను మూయవు. నీటితో కలిపి వాడు ఆక్రిలిక్ రంగులు రెండవ తరగతి. ఇవి ఆరిన పిమ్మట నీటికి కరగవు. పలుచగా వేసినచో కొంత ఆవిరిని పోనిచ్చును. నూనెరంగులు మూడవ తరగతి. వీని మెరుపు ఎక్కువ, ఊపిరి తక్కువ.

పూర్వపు రంగులలో సున్నము మిక్కిలి చిత్రమైనది. సున్నపురాతినిగాని గుల్లలనుగాని కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలికి పోయి సున్నము మిగులును. దానిని నీటిలో వేసిన ఉడుకెత్తి పొంగి మెత్తనగును. ఆ సున్నపునీటిని గోడకు పూసినప్పుడు అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మరల గ్రహించి క్రమముగా రాయిగా మారును. అనగా సున్నపుపూత ఆరుట మాత్రమే కాదు. తాను పోగొట్టుకొన్నదానిని గాలినుండి తిరిగి సంపాదించుకొనుట. అందుచేతనే పలుచగా పూసిన సున్నము దట్టముగా పూసినదానికంటె గట్టిగా నిలుచును. సున్నము ఉడుకునప్పుడు చిందినచో కన్నులకు ప్రమాదకరము. కావున ఆ పనిని పెద్దలే చేయవలెను. నీటిలో సున్నమును కొద్దికొద్దిగా వేయవలెనేగాని సున్నముపై నీరు కుమ్మరింపరాదు. సున్నమునకు క్షారగుణము కలదు గనుక కుండీ లోపల దానిని పూయరాదు.

ఎరుపునకు జేగురుమన్ను, నలుపునకు దీపపు మసి, తెలుపునకు సుద్ద పూర్వులు వాడిరి. పసుపుపచ్చని మన్నును కాల్చినచో అదియు ఎర్రనగును. దానిలోని ఇనుము వేడికి నీటిని విడిచి వన్నె మార్చుకొనును. ఈ మన్నులకు అంటుకొను గుణము తక్కువ గనుక గంజినిగాని తుమ్మజిగురునుగాని చింతగింజల జిగురునుగాని కలుపుట కలదు. పొడిగోడపై ఇవి చక్కగా నిలుచును. ఎల్లప్పుడు తడిగా నుండు కుండీపై మాత్రము గంజికి బూజు పట్టును. జిగురు నీటికి కరగును. కావున ఇట్టి రంగులతో చిత్రించిన కుండీని వసారాలో వాన తగులనిచోట నుంచుట మేలు.

దీనికి ఒక సులభమైన ఉపాయము కలదు. అది ‘కుండీలో కుండీ’. మొక్కను రంగులేని చిన్న కుండీలో నాటి, దానిని చిత్రించిన పెద్ద కుండీలో నుంచవలెను. రెండింటి నడుమ వ్రేలెడు సందు విడువవలెను. పెద్దకుండీ అడుగున రెండు పెంకులు వేసి, వానిపై చిన్నకుండీని నిలిపినచో నీరు నిలువదు. మొక్కకు గాలి యందును. చిత్రమునకు తడి తగులదు. నూనెరంగు మెరుపే కావలెనని కోరువారికిని ఇదియే తగిన మార్గము.

ఇక చిత్రించు క్రమము. ముందు మంచి కుండీని ఎన్నుకొనవలెను. వ్రేలి కణుపుతో తట్టినప్పుడు కంగుమని మ్రోగినచో అది బాగుగా కాలినది. బొద్దుగా పలికినచో బీటవారినదిగాని సరిగా కాలనిదిగాని కావచ్చును. అడుగున రంధ్రము తప్పక యుండవలెను. కుండీని ఒకదినము నీట నానబెట్టి, పీచుతో తోమి కడిగినచో లవణములు చాలవరకు పోవును. పిమ్మట కొన్నిదినములు పూర్తిగా ఆరనీయవలెను. పైకి పొడిగా కనబడినను గోడ లోపల తేమ దాగియుండును. తొందరపడువారి రంగు ఇక్కడనే చెడును. ఆరినదానిని గరుకుకాగితముతో రుద్ది, దుమ్ము తుడిచి, మొదటి పూతను పలుచగా వేయవలెను. అది ఆరిన పిమ్మట రెండవ పూత. ఒక దట్టపు పూతకంటె రెండు పలుచని పూతలు మేలు. లోపలివైపున అంచునుండి రెండు వ్రేళ్ల మేర మాత్రము రంగు వేసి, తక్కిన భాగమును అడుగును విడిచివేయవలెను.

చిత్రము సమముగా రావలెనన్న గణితము తోడుపడును. కుండీ పై అంచు వ్యాసము 21 సెంటీమీటర్లనుకొందము. దానిని 22/7 చేత గుణించిన చుట్టుకొలత 66 సెంటీమీటర్లగును. అందు 11 పూలు చిత్రించినచో ఒక్కొక్కదానికి 6 సెంటీమీటర్ల చోటు వచ్చును. అడుగు వ్యాసము 14 సెంటీమీటర్లైనచో చుట్టుకొలత 44. అక్కడ అదే 11 పూలకు ఒక్కొక్కదానికి 4 సెంటీమీటర్లే లభించును. కనుక క్రిందికి పోయినకొలది పూలు చిన్నవి కావలెను. లెక్క వేయక ఆరంభించినవాని కుండీపై చివరి పూవునకు చోటు చాలదు. లెక్క రానివారు నూలుదారమును కుండీ చుట్టు త్రిప్పి, దానిని సమముగా మడిచి, మడత మడతకు చుక్క పెట్టుదురు. చుక్కల నడుమ ముగ్గు తీర్చు స్త్రీలకు ఈ లెక్క చేతివ్రేళ్లకే తెలియును.

రంగును ఎన్నుకొనుటలో ఎండను గూడ తలచుకొనవలెను. తెల్లని కుండీ వెలుతురును త్రిప్పికొట్టును. నల్లనిది వేడిని పీల్చుకొనును. ఎండలో నుంచు కుండీకి నల్లరంగు పూసిన వేళ్లు ఉడుకును. మరియొక జాగ్రత్త కలదు. పూర్వము నూనెరంగులలో మెరుపుకొరకును, త్వరగా ఆరుటకొరకును సీసము కలుపుచుండిరి. సీసము దేహమునకు విషము. ముఖ్యముగా పసిపిల్లల బుద్ధివికాసమును అది చెరచును. మన దేశమున 2016లో చేసిన నియమముల ప్రకారము, 2017 నవంబరు 1వ తేదీనుండి గృహాలంకరణకు వాడు రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములను మించరాదు. అటకపై మిగిలియున్న పాతడబ్బాలలోని రంగు అంతకు పూర్వపుది కావచ్చును. కొత్తిమీరగాని టమాటాగాని పెంచు కుండీలకు దానిని వాడకుండుట క్షేమము.

కుండకు రంగు దిద్దుట మానవునికి నిన్న మొన్న పుట్టిన కోరిక కాదు. కర్నూలుసీమలోని పాతపాడు వద్ద తామ్రశిలాయుగపు ఎర్రని కుండపెంకులు దొరికినవి. వానిపై నల్లని చిత్రములు కలవు. క్రీస్తుపూర్వము 6వ శతాబ్దమున గ్రీసుదేశపు ఏథెన్సు నగరమున కుమ్మరులు ఎరుపు నలుపులతో అద్భుతమైన పాత్రలు చిత్రించిరి. ఆ రెండు వన్నెలకును మూలము మంటిలోని ఇనుమే. ఆవములోనికి గాలి ధారాళముగా పోయిన అది ఎర్రనగును. గాలిని బంధించి పొగ నింపిన నల్లనగును. ఇటలీలో ఫ్లారెన్సు సమీపమున నున్న ఇంప్రునెటా గ్రామము నేటికిని తోటకుండీలకు పేరుపొందినది. అచటి కుండీలు మంచును ఓర్చుకొనుటకు ప్రసిద్ధికెక్కినవి. ఇది స్వల్పవిషయము కాదు. చలిదేశములలో కుండ సందులలోని నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణము సుమారు నూటికి తొమ్మిది వంతులు పెరిగి కుండలను పగులగొట్టును.

తెలుగువారి పెండ్లిండ్లలో అయిరేనికుండలు లేక శుభకార్యము జరుగదు. కుమ్మరి ఇంటినుండి మేళతాళములతో తెచ్చు ఆ కుండలపై తెల్లని పూత, ఎర్రని గీతలు, రంగురంగుల పూలు దిద్దియుండును. తెలంగాణమున బోనాల కుండలకు సున్నపు బొట్లు, పసుపు, కుంకుమ అలంకారములు. పండుగ నాటి కుండ ఆ దినమునకే నిండుగా శోభిల్లును. దాని రంగు పదేండ్లు నిలువవలెనని ఎవరును కోరరు.

పూలకుండీ చిత్రించువారు గ్రహింపవలసిన మర్మము ఇందులోనే యున్నది. మన్యమున గోడలకు పూసిన ఎర్రమన్ను వానకాలమునకు వెలిసిపోవును. ఇల్లాలు మరుసటి పండుగకు మరల పూయును. వెలిసిపోవుట ఆ రంగునకు దోషము కాదు. గోడ ఊపిరి పీల్చుచున్నదనుటకు గుర్తు. ఎన్నటికిని చెరగని రంగు కావలెనని కుండను మూసివేయువాడు మొక్కను పోగొట్టుకొనును. ఏడాది కొకసారి కుంచె పట్టుటకు ఓపిక గలవానికి కుండీయు దక్కును, మొక్కయు దక్కును.

ఈ పనివలన మరియొక మేలును కలదు. ప్లాస్టిక్ బిందెలు, చల్లబెట్టు యంత్రములు వచ్చినపిమ్మట మంచినీటి కుండలకు గిరాకి తగ్గినది. సారె త్రిప్పుట విడిచి కూలికి పోయిన కుమ్మరులు ఎందరో కలరు. నేడు పట్టణములందు డాబాలపైనను వసారాలలోను మొక్కలు పెంచువారు పెరుగుచున్నారు. వారికి కుండీలు కావలెను. చిత్రించిన కుండీలపై మక్కువయు ఎక్కువ. కుమ్మరి చేతి కుండీపై కొండపల్లె గోడలమీది రేఖలు దిద్దినచో ఇరువురి విద్యలును నిలుచును. పాఠశాలలో ఒక విద్యార్థి సంతలో కుండీని కొని, దానిని తట్టి చూచి, ఆరబెట్టి, తన చేతితో ఎర్రమన్ను సున్నము దిద్ది, అందొక బంతిమొక్కను నాటినచో, ఆ కుండీ వెల కొద్దియే కావచ్చును. కాని మన్ను, నిప్పు, నీరు, గాలి - ఈ నాలుగింటి పనియు వాని కన్నులయెదుటనే ప్రతిదినము జరుగుచుండును.